నెట్‌వర్క్ ద్వారానికి దూరప్రవేశం: ఎస్.ఎస్.హెచ్. ఏర్పాటు – క్షేత్రసామగ్రి భద్రత దృష్ట్యా ఒక వివరణ

వ్యాససంగ్రహం:
తెలుగు శాఖలలో క్షేత్రపర్యటనల ద్వారా సేకరించిన ధ్వనిముద్రణలు, తాళపత్రాల ఛాయాచిత్రాలు, ఆవేదకుల వివరాలు నేడు డిజిటల్ రూపంలో భద్రమవుతున్నాయి. ఇవి ఉండే సర్వర్‌కూ బయటి ప్రపంచానికీ నడుమ ఉండే పరికరమే గేట్‌వే. దీనిని దూరం నుండి ఆదేశ పంక్తి ద్వారా నిర్వహించుకొనే వీలు కల్పించడం ఎలా, ఆ వీలే ప్రమాదంగా మారకుండా చూడడం ఎలా అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఎస్.ఎస్.హెచ్. పుట్టుక, పనిచేసే తీరు, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి గేట్‌వేపై దాని ఏర్పాటు క్రమం, బయటి నుండి ప్రవేశించడంలోని సమస్యలు, నిర్వాహకుని బాధ్యతలు ఇందులో చర్చించబడ్డాయి.

కీలకపదాలు: గేట్‌వే, ఆదేశ పంక్తి, ఎస్.ఎస్.హెచ్., బహిరంగ కీ, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి, క్షేత్రసామగ్రి, ఆవేదకులు, భద్రత.

1. ఉపోద్ఘాతం:
జానపద పరిశోధనలో ఆవేదకుని విశ్వాసమే తొలి పెట్టుబడి. ఒక వృద్ధ కళాకారిణి తన ఇంటి అరుగు మీద కూర్చొని పాట పాడుతుంది. పాటల మధ్య కుటుంబ విషయాలు, ఊరి తగాదాలు, తన కులంలోని కట్టుబాట్లు కూడా చెబుతుంది. 'ఇది బయటికి పోదు గదా?' అని అడిగినప్పుడు పరిశోధకుడు 'పోదు' అని మాట ఇస్తాడు. ఆ మాట నిలబడడం ఒకప్పుడు బీరువా తాళం మీద ఆధారపడేది. ఇప్పుడు ఆ ధ్వనిముద్రణ ఒక సర్వర్‌లో ఉంటుంది. సర్వర్ ఒక నెట్‌వర్క్‌లో ఉంటుంది. ఆ నెట్‌వర్క్‌కు ఒక గేట్‌వే ఉంటుంది. కనుక ఆవేదకునికి ఇచ్చిన మాట నిలబడడం ఇప్పుడు ఆ గేట్‌వే మీద కూడా ఆధారపడి ఉంది.

ఈ పరికరాల సంగతి సాంకేతిక నిపుణులు చూసుకుంటారని మనం అనుకొంటాం. చాలా కళాశాలల్లో వాస్తవం వేరు. శాఖకు ఒక చిన్న సర్వర్, ఒక గేట్‌వే సమకూరిన తరువాత వాటి ఆలనాపాలనా కాస్త ఆసక్తి ఉన్న అధ్యాపకుని మీదనో పరిశోధక విద్యార్థి మీదనో పడుతుంది. ఈ వ్యాసకర్త అనుభవమూ అదే. అటువంటివారిని దృష్టిలో పెట్టుకొని ఈ వివరణ రూపొందింది.

2. గేట్‌వే – స్వరూపం:
గేట్‌వేకు రెండు ముఖాలుంటాయి. ఒకటి లోపలి నెట్‌వర్క్ వైపు, రెండవది ఇంటర్నెట్ వైపు. పాత ఇళ్లలోని వీధి తలుపు వంటిది ఇది. లోపలి యంత్రాలకు సాధారణంగా 192.168తోనో 10తోనో మొదలయ్యే ఆంతరంగిక చిరునామాలుంటాయి. ఇవి బయట చెల్లవు. లోపలినుండి వెళ్లే ప్రతి అభ్యర్థననూ గేట్‌వే తన బాహ్య చిరునామాతో పంపి, వచ్చిన సమాధానాన్ని అడిగిన యంత్రానికి చేరవేస్తుంది. ఏ రాకను అనుమతించాలో, దేనిని తిరస్కరించాలో నిర్ణయించే ఫైర్‌వాల్ కూడా సాధారణంగా దీనిలోనే ఉంటుంది.

దీనివల్ల ఒక ముఖ్య విషయం స్పష్టమవుతుంది. సర్వర్ మీద అధికారం సంపాదించినవాడు ఒక గదిలో ప్రవేశించినట్లు. గేట్‌వే మీద అధికారం సంపాదించినవాడు కావలివాడి స్థానంలో నిలబడినట్లు. అతడు రాకపోకలన్నిటినీ గమనించగలడు, మళ్లించగలడు, మూసిన తలుపులు తెరవగలడు. అందువల్ల గేట్‌వేకు దూరప్రవేశం కల్పించడమంటే కావలివాడికి దూరం నుండి ఆజ్ఞలిచ్చే అధికారాన్ని సృష్టించడమే.

ఈ పరికరాలకు వెబ్ రూపంలో నిర్వహణ పుటలు ఉన్నప్పుడు ఆదేశ పంక్తి ఎందుకన్న ప్రశ్న సహజం. వెబ్ పుటలో తయారీదారు చూపదలచినదే కనబడుతుంది. ఆదేశ పంక్తిలో పరికరం అసలు స్థితి కనబడుతుంది: ఏ ప్రక్రియలు నడుస్తున్నాయి, ఏ పోర్టులు తెరచి ఉన్నాయి, నిన్న రాత్రి ఎవరు ప్రవేశించడానికి ప్రయత్నించారు అన్నవి తెలుస్తాయి. ఇంటర్నెట్ వేగం బాగా తక్కువగా ఉన్నచోట కూడా అది పనిచేస్తుంది.

3. టెల్నెట్ నుండి ఎస్.ఎస్.హెచ్. దాకా:
దూరప్రవేశానికి తొలినాటి సాధనం టెల్నెట్. 1983లో దాని ప్రమాణం ఖరారైంది. 23వ పోర్టు దానిది. అందులో ఆదేశాలూ సంకేతపదమూ ఉన్నవి ఉన్నట్లుగా తీగ మీద ప్రయాణిస్తాయి. దారిలో ఉన్న ఎవరైనా వాటిని చదవవచ్చు. పోస్టుకార్డు మీద ఇనప్పెట్టె తాళం గుర్తులు రాసి పంపడం వంటిది ఇది.

1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో సంకేతపదాల దొంగతనం జరిగింది. దానికి ప్రతిక్రియగా అక్కడి పరిశోధకుడు టాటు యూలొనెన్ అదే సంవత్సరం ఎస్.ఎస్.హెచ్.ను రచించి విడుదల చేశాడు. 'సెక్యూర్ షెల్' అన్నది దాని పూర్తి పేరు. టెల్నెట్‌కు చెందిన 23కూ ఫైళ్ల బదిలీకి చెందిన 21కీ మధ్య ఖాళీగా ఉన్న 22వ పోర్టును ఆయన అడిగి పొందాడు. 1999 డిసెంబరులో ఓపెన్‌బిఎస్‌డి బృందం తన వ్యవస్థతో పాటు ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.ను ఉచితంగా అందించింది. రెండవ రూపం 2006 జనవరిలో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. ఈనాడు వాడుకలో ఉన్నది ఈ రెండవ రూపమే.

టెల్నెట్ కాలం చెల్లిన సాధనమే అయినా దాని ప్రమాదం చెల్లిపోలేదు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో టెల్నెట్ తెరచి ఉన్న కెమెరాలు, గేట్‌వేలు వంటి వాటిని వెదికి, తయారీదారులు పెట్టి మార్చకుండా మిగిలిపోయిన సుమారు 60 పేరు–సంకేతపదాల జతలను ప్రయత్నిస్తూ లక్షల పరికరాలను వశపరచుకొంది. ఆ ఏడాది అక్టోబరు 21న డిన్ అనే సంస్థపై జరిగిన దాడిలో ఆ పరికరాలు వినియోగించబడ్డాయి. ఫలితంగా ట్విట్టర్ వంటి ప్రసిద్ధ సేవలు గంటలకొద్దీ చాలామందికి అందలేదు. ఆ పరికరాల యజమానులలో అత్యధికులకు తమ ఇంటి పెట్టె దాడిలో పాల్గొంటున్నదని తెలియదు. తొలి సంకేతపదాన్ని మార్చకపోవడమే వారు చేసిన పొరపాటు.

4. ఎస్.ఎస్.హెచ్. పనిచేసే తీరు:
ఎస్.ఎస్.హెచ్. సంధానం మూడు దశలలో జరుగుతుంది.

మొదటి దశలో రెండు యంత్రాలు కలిసి, వినేవారికి అర్థం కాని రీతిలో ఒక ఉమ్మడి రహస్యాన్ని నిర్మించుకొంటాయి. దీనికి మూలం 1976లో డిఫీ, హెల్మన్‌లు ప్రకటించిన పద్ధతి. అప్పటినుండి సంభాషణ అంతా ఆ రహస్యం ఆధారంగా గూఢలిపిలో సాగుతుంది.

రెండవ దశలో గేట్‌వే తానెవరో నిరూపించుకొంటుంది. ప్రతి గేట్‌వేకూ ఒక ఆతిథేయ కీ ఉంటుంది. ఈ నిరూపణ మొదటి దశ సాగుతుండగానే జరుగుతుంది. తొలిసారి కలిసినప్పుడు ఆ కీకి చెందిన వేలిముద్ర తెర మీద కనబడి, నమ్ముతారా అన్న ప్రశ్న వస్తుంది.

మూడవ దశలో ప్రవేశించే వ్యక్తి తానెవరో నిరూపించుకోవాలి. దీనికి సంకేతపదం ఒక మార్గం, కీ జత మరొక మార్గం. ఈ రెండింటి భేదాన్ని సాహిత్య విద్యార్థులకు సుందరకాండ సులభంగా బోధిస్తుంది. అశోకవనంలో హనుమంతుడు సీతకు రాముని అంగుళీయకాన్ని చూపాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఆమె తనకూ రామునికీ మాత్రమే తెలిసిన కాకాసుర వృత్తాంతాన్ని గుర్తుగా చెప్పింది, చూడామణిని ఇచ్చింది. ఉంగరమైనా వృత్తాంతమైనా గుర్తుగా పనిచేయాలంటే దూత చేతికో చెవికో చేరక తప్పదు. చెప్పిన క్షణమే రహస్యం మూడవ వ్యక్తిది కూడా అవుతుంది. దూత హనుమంతుడు కనుక ప్రమాదం లేకపోయింది. సంకేతపదం స్వభావం కూడా ఇదే: నిరూపించుకోవాలంటే దానిని అవతలివారికి చెప్పాలి. ఎస్.ఎస్.హెచ్.లో అది గూఢలిపిలోనే వెళుతుంది. కాని అవతల ఉన్నది అసలు గేట్‌వే కాక దాని వేషం వేసినదైతే రహస్యం నేరుగా శత్రువు చేతికే చేరుతుంది.

కీ జత దీనికి భిన్నం. ఇందులో రెండు భాగాలుంటాయి. ఆంతరంగిక కీ మన కంప్యూటరులోనే ఉండిపోతుంది. బహిరంగ కీని గేట్‌వే మీద ఉంచుతాం. ప్రవేశ సమయంలో మన యంత్రం ఆ సంధానానికి మాత్రమే చెల్లే ఒక సమాచారంపై ఆంతరంగిక కీతో సంతకం చేస్తుంది. గేట్‌వే బహిరంగ కీతో ఆ సంతకాన్ని సరిచూస్తుంది. రాజముద్రిక కోట దాటదు. దాని ముద్రను ఎవరైనా పోల్చుకోగలరు. ఆ ముద్రను దారిలో దొంగిలించినా మరొక సంధానానికి అది పనికిరాదు. రహస్యాన్ని చెప్పకుండానే రహస్యం తన దగ్గర ఉన్నదని నిరూపించడం ఇందులోని విశేషం.

5. ఏర్పాటు క్రమం:
2004లో ప్రారంభమైన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి చిన్న గేట్‌వేల కోసం రూపొందిన స్వేచ్ఛా లినక్స్ వ్యవస్థ. దీనిలో ఎస్.ఎస్.హెచ్. సేవను మ్యాట్ జాన్‌స్టన్ రచించిన డ్రాప్‌బేర్ అనే చిన్న ప్రోగ్రాం అందిస్తుంది. ఇతర గేట్‌వేలలో పేర్లు మారినా క్రమం దాదాపు ఇదే.

5.1 తొలి ప్రవేశం: గేట్‌వే ఉన్న గదిలోనే, కేబుల్‌తో నేరుగా కలిపి తొలి ప్రవేశం చేయాలి. దాని సాధారణ చిరునామా 192.168.1.1, నిర్వాహకుని పేరు రూట్. కొత్తగా ఎక్కించిన వ్యవస్థలో రూట్‌కు సంకేతపదం ఉండదు. కనుక ఇంటర్నెట్ తీగను కలపకముందే సంకేతపదం పెట్టడం మొదటి పని. ఎస్.ఎస్.హెచ్. సాధనం లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో సాధారణంగా ముందే ఉంటుంది. 2018 నుండి విండోస్ 10లో కూడా లభిస్తున్నది.

5.2 వేలిముద్ర నమోదు: తొలి ప్రవేశంలో కనబడిన ఆతిథేయ కీ వేలిముద్రను శాఖ రిజిస్టరులో రాసుకోవాలి. మధ్యలో మరే యంత్రమూ లేదు కనుక ఈ వేలిముద్ర నమ్మదగినది. తరువాత వేరొక కంప్యూటరు నుండి ప్రవేశించినప్పుడు దీనితో పోల్చుకోవచ్చు. వేలిముద్ర మారిందన్న హెచ్చరిక వస్తే దానిని తుడిచివేసి ముందుకు పోకూడదు. గేట్‌వేను తొలి స్థితికి తెచ్చినందువల్ల కొత్త కీ పుట్టిందా, లేక మధ్యలో ఎవరైనా నిలబడి ఉన్నారా అన్నది తేల్చుకోవాలి.

5.3 కీ జత నిర్మాణం: కీజెన్ అనే సాధనంతో మన కంప్యూటరులోనే కీ జతను తయారుచేసుకోవాలి. ఇప్పుడు ఈడీ25519 రకం అనుకూలమైనది. పాత గేట్‌వే దానిని గుర్తించకపోతే ఆర్‌ఎస్‌ఏ రకాన్ని వాడుకోవచ్చు. ఆంతరంగిక కీకి ఒక సంకేతవాక్యం పెట్టడం తప్పనిసరి. ల్యాప్‌టాప్ పోయినా కీ వెంటనే పనికిరాకుండా అది కాపాడుతుంది. ఆంతరంగిక కీని ఈమెయిల్‌లో గాని వాట్సాప్‌లో గాని ఎవరికీ పంపకూడదు.

5.4 బహిరంగ కీ స్థాపన: బహిరంగ కీ ఒకే పంక్తిగా ఉంటుంది. దానిని గేట్‌వేలోని డ్రాప్‌బేర్ ఫోల్డరులో 'ఆథరైజ్డ్ కీస్' అనే ఫైలులో చేర్చాలి. పంక్తి చివర ఆ కీ ఎవరిదో రాసుకోవచ్చు. ప్రతి వ్యక్తికీ వేరువేరు కీ ఉండాలన్నది ఇక్కడ పాటించవలసిన నియమం. పరిశోధక విద్యార్థులు వస్తారు, పట్టా పొంది వెళతారు. అందరికీ ఒకే సంకేతపదం ఉంటే ఒకరు వెళ్లినప్పుడు దానిని మార్చి మిగిలినవారందరికీ మళ్లీ చెప్పాలి. సాధారణంగా ఆ పని జరగదు. వేరువేరు కీలుంటే ఒక పంక్తి చెరిపితే చాలు. అందరూ రూట్ పేరుతోనే ప్రవేశించినా, ఏ కీతో ప్రవేశం జరిగిందో డ్రాప్‌బేర్ చిట్టాలో నమోదవుతుంది.

5.5 సంకేతపద ప్రవేశం రద్దు: ఉన్న సంధానాన్ని తెంచకుండా రెండవ కిటికీ తెరచి, కీతో ప్రవేశం లభిస్తున్నదని నిర్ధారించుకోవాలి. ఆ తరువాతనే డ్రాప్‌బేర్ అమరికలలో సంకేతపదంతో ప్రవేశాన్ని, రూట్‌కు సంకేతపద ప్రవేశాన్ని నిలిపివేయాలి. సేవ లోపలి నెట్‌వర్క్ వైపు మాత్రమే వినేటట్లు పరిమితం చేయాలి. ఈ క్రమం తారుమారైతే నిర్వాహకుడే వీధిలో నిలబడవలసి వస్తుంది.

6. బయటి నుండి ప్రవేశం:
ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి సహజస్థితిలో ఇంటర్నెట్ వైపు నుండి గేట్‌వేకు వచ్చే సంధానాలను తిరస్కరిస్తుంది. సెలవుల్లో ఇంటినుండి పనిచేయాలనుకొన్నవారు 22వ పోర్టును నేరుగా బయటికి తెరవడం సులభమార్గంగా భావిస్తారు. అది చేయదగిన పని కాదు. తెరచిన పోర్టును యాంత్రిక అన్వేషకులు త్వరలోనే కనుగొని నిరంతరం తడుతూ ఉంటారు. పోర్టు సంఖ్యను మార్చితే ఆ చప్పుడు తగ్గుతుంది గాని తలుపు బలపడదు. పైగా ప్రోగ్రాంలలోనే లోపాలు బయటపడుతుంటాయి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనంలో ఎవరో చొప్పించిన దొంగదారిని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు గుర్తించాడు. కొన్ని లినక్స్ వ్యవస్థలలో ఎస్.ఎస్.హెచ్. సేవలోకి చొరబడడమే దాని లక్ష్యం. తన యంత్రంలో ప్రవేశం అర సెకను ఆలస్యమవుతున్నదేమని ఆరా తీయడం వల్ల అది బయటపడింది. అదే సంవత్సరం జూలైలో ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.లో మరొక తీవ్రలోపం వెల్లడై సవరించబడింది. కాబట్టి తలుపు ఎంత గట్టిదైనా వీధికి కనబడకుండా ఉండడమే మేలు.

దీనికి తగిన ఉపాయం వైర్‌గార్డ్ వంటి ఆంతరంగిక సొరంగం. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రచించిన ఈ సాధనం 2020 మార్చిలో లినక్స్ కెర్నల్ 5.6లో భాగమైంది. సరియైన కీ లేనివారు తట్టినప్పుడు అది సమాధానమే ఇవ్వదు. అక్కడ తలుపు ఉన్నట్లు కూడా తెలియదు. ముందు సొరంగంలో ప్రవేశించి, ఆపైన లోపలినుండి వచ్చినట్లుగా ఎస్.ఎస్.హెచ్. వాడుకోవాలి. ధ్వనిముద్రణలు మాత్రమే కావలసిన విద్యార్థులకు సొరంగమూ సర్వర్‌పై పరిమిత ప్రవేశమూ చాలు. గేట్‌వే కీ ఇద్దరికి మించి ఉండనవసరం లేదు. ఒక్కరి దగ్గరే ఉండడమూ మంచిది కాదు.

మరొక ఆచరణాత్మక సమస్య ఉంది. కొన్ని ఇంటర్నెట్ సంస్థలు అనేక వినియోగదారులకు కలిపి ఒకే బాహ్య చిరునామాను పంచుతాయి. గేట్‌వే బాహ్య ముఖానికి 100.64 నుండి 100.127 వరకు ఉన్న శ్రేణిలో చిరునామా కనబడితే పరిస్థితి అదేనని గ్రహించాలి. అప్పుడు బయటి నుండి ఏ సంధానమూ లోపలికి చేరదు. స్థిర చిరునామాను కోరడం, బయట ఉన్న ఒక సర్వర్‌కు లోపలినుండే సొరంగం వేయడం, ఐపీవీ6 అందుబాటులో ఉంటే దానిని వినియోగించడం పరిష్కారాలు.

7. ఒక అనుభవం:
కొన్నేళ్ల క్రితం సంక్రాంతి సెలవుల్లో వ్యాసకర్త సొంతూరి నుండి శాఖ గేట్‌వేలో ఒక ఫైర్‌వాల్ నియమాన్ని సవరించడం జరిగింది. అనవసరమైనదిగా తోచిన ఒక నియమాన్ని తొలగించి, మార్పును స్థిరపరచి, సేవను పునఃప్రారంభించగానే తెర నిశ్చలమైంది. తొలగించినది సొరంగం నుండి లోపలికి అనుమతించే నియమమే. కాపలాదారుకు ఫోన్ చేసి పెట్టెను ఆపి మళ్లీ వేయమన్నా ఫలితం లేకపోయింది. మార్పు అప్పటికే శాశ్వత స్మృతిలో చేరింది. సిద్ధాంత గ్రంథ సమర్పణకు గడువు దగ్గరపడిన ఒక విద్యార్థిని తన ముద్రణలను సరిచూసుకోవడానికి కళాశాల తెరిచేదాకా ఎదురుచూడవలసి వచ్చింది. తప్పు వ్యాసకర్తది, నష్టం ఆమెది.

ఇందులోనుండి మూడు పాఠాలు గ్రహించవచ్చు. మొదటిది, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టిలో 'కమిట్' అనే ఆదేశం ఇచ్చేవరకు మార్పు తాత్కాలిక స్మృతిలోనే ఉంటుంది. ఆ ఆదేశానికి ముందు మార్పుల జాబితాను ఒకసారి చదువుకోవాలి. రెండవది, ప్రమాదకరమైన మార్పుకు ముందు పాత అమరిక ప్రతిని తీసిపెట్టి, పది నిమిషాల తరువాత దానంతట అదే పునరుద్ధరించే ఆదేశాన్ని ముందే నడిపించాలి. అంతా సవ్యంగా ఉంటే దానిని రద్దు చేసుకోవచ్చు. వెబ్ పుటలో చేసే మార్పులకు ఇటువంటి వెనుదిరుగు ఏర్పాటు ఉంది. ఆదేశ పంక్తిలో మనమే కల్పించుకోవాలి. మూడవది, గేట్‌వే మొదలయ్యేటప్పుడు మీట నొక్కి రక్షణ స్థితిలో ప్రవేశించే విధానాన్ని రాసి, అక్కడే ఉండే మరొకరికి నేర్పి ఉంచాలి.

8. నిర్వాహకుని బాధ్యత:
సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ యజమాని లేదా బాధ్యుని అనుమతి లేకుండా కంప్యూటరు నెట్‌వర్క్‌లో ప్రవేశించడాన్ని పరిహారం చెల్లించవలసిన చర్యగా పేర్కొంటుంది. దురుద్దేశంతో చేసినప్పుడు 66వ సెక్షన్ ప్రకారం అది నేరమవుతుంది. కాబట్టి గేట్‌వేకు దూరప్రవేశం ఏర్పరచేముందు సంస్థ నుండి లిఖితపూర్వక అనుమతి పొందాలి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాలు తమ పరిధిలోని సంస్థలు చిట్టాలను 180 రోజులు భద్రపరచాలని, పేర్కొన్న రకాల భద్రతా ఘటనలను 6 గంటల్లో తెలియజేయాలని నిర్దేశించాయి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి చిట్టా సహజంగా తాత్కాలిక స్మృతిలో ఉండి, పునఃప్రారంభంతో చెరిగిపోతుంది. అందువల్ల దానిని లోపలి సర్వర్‌కు పంపే ఏర్పాటు చేసుకోవాలి. వ్యవస్థను ఎప్పటికప్పుడు నవీకరించడం, ఏడాదికొకసారి కీల జాబితాను సరిచూడడం కూడా ఈ బాధ్యతలో భాగాలే.

9. ముగింపు:
పై చర్చ నుండి తేలిన అంశాలు ఇవి:

1. గేట్‌వే మీద అధికారం నెట్‌వర్క్ మొత్తం మీద అధికారంతో సమానం. అందువల్ల దాని దూరప్రవేశాన్ని సౌకర్యం దృష్టితో మాత్రమే చూడరాదు.
2. టెల్నెట్‌ను పూర్తిగా విడిచి, ఎస్.ఎస్.హెచ్.ను వ్యక్తిగత కీలతో, సంకేతపద ప్రవేశం లేకుండా వాడుకోవాలి.
3. ఎస్.ఎస్.హెచ్.ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకుండా ఆంతరంగిక సొరంగం ద్వారా చేరుకోవాలి.
4. ప్రతి మార్పుకు ముందు వెనక్కి వచ్చే దారిని సిద్ధం చేసుకోవాలి.
5. అనుమతి, చిట్టా, కీల జాబితా – ఈ మూడూ లిఖితరూపంలో ఉండాలి.

పాఠపరిష్కర్త తాళపత్రాన్ని తాకేముందు చేతులు శుభ్రపరచుకొంటాడు. అది పాండిత్యంలో భాగం కాదని ఎవరూ అనరు. డిజిటల్ సామగ్రిని సంరక్షించే పరిశోధకునికి ఈ నియమాలు అటువంటివే. అరుగు మీద కూర్చొని పాడిన ఆవేదకురాలికి కీ అంటే ఏమిటో, పోర్టు అంటే ఏమిటో తెలియనవసరం లేదు. ఆమెకు ఇచ్చిన మాటను నిలబెట్టవలసినవారికి మాత్రం అవి తెలిసి ఉండాలి.